చెన్నైలో వరద ముప్పు: ఎవరి పని ఏది, మనం తెలుసుకోవలసింది ఏది?

దీపావళి దగ్గర పడితే మన ఊళ్లో రెండు విషయాలు ఖాయం. ఒకటి టపాసులు, రెండోది వాన. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఈశాన్య రుతుపవనాలు చెన్నైని పలకరిస్తాయి. ఈ నగరానికి ఏడాదిలో సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో 60 శాతం దాకా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడిపోతుంది. అదీ రోజూ కొంచెం కొంచెంగా కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు రెండు మూడు రోజుల్లోనే కుమ్మరించి పోతుంది.

అప్పుడు ఇంట్లో అందరూ అడిగే ప్రశ్నలు ఇవే: మన వీధిలోకి నీళ్లు వస్తాయా? వస్తే ఎవరికి చెప్పాలి? బడి ఉంటుందా? వీటికి జవాబు తెలియాలంటే నగరంలో వరద పని ఎలా జరుగుతుందో కాస్త తెలిసి ఉండాలి. తల్లిదండ్రులకూ, పై తరగతుల పిల్లలకూ ఉపయోగపడేలా ఆ సంగతులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

ముందు ఒక లెక్క

పిల్లలూ, ఈ లెక్క మీరే చేసి చూడండి. చెన్నై కార్పొరేషన్ విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లు. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వెయ్యి ఘనపు మీటర్ల నీరు, అంటే పది లక్షల లీటర్లు. నగరమంతటా 10 సెంటీమీటర్ల వాన పడితే 4 కోట్ల 26 లక్షల ఘనపు మీటర్లు. దీన్ని టీఎంసీల్లో చెప్పాలంటే ఒకటిన్నర.

చెంబరంబాక్కం చెరువు నిండా పట్టే నీరు 3.645 టీఎంసీలు. అంటే నగరం మీద 24 సెంటీమీటర్ల వాన పడిందంటే ఒక నిండు చెంబరంబాక్కాన్ని తెచ్చి మన వీధుల్లో పోసినట్టే. 2015 డిసెంబరు 1న మొదలై మర్నాడు పొద్దున వరకు నుంగంబాక్కంలో 29 సెంటీమీటర్లు, తాంబరంలో 49 సెంటీమీటర్లు పడింది. ఏ కాలువైనా ఆ నీటిని అప్పటికప్పుడు మింగలేదు. కాబట్టి వరద నిర్వహణ అంటే నీళ్లు అసలు నిలవకుండా చూడటమే అనుకోకూడదు. ఎంత నీటిని ఎక్కడ ఆపాలి, ఎంత నీటిని ఎటు పంపాలి, మిగిలిన నీటి నుంచి మనుషుల్ని ఎలా కాపాడాలి అన్న మూడూ కలిస్తేనే అది వరద నిర్వహణ.

నీళ్లు పోయే దారులు

చెన్నై చదునైన నేల. చాలా భాగం సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. మూడు నదులు పడమటి నుంచి తూర్పుకు వచ్చి సముద్రంలో కలుస్తాయి. ఉత్తరాన కొసస్తలైయార్, మధ్యలో కూవం, దక్షిణాన అడయార్. వీటిని అడ్డంగా కలుపుతూ, తీరం పక్కనే ఉత్తర దక్షిణాలుగా బకింగ్‌హామ్ కాలువ పోతుంది. ఇది మన ఆంధ్ర తీరం నుంచి వచ్చే పాత పడవల కాలువే. ఒట్టేరి నల్లా, విరుగంబాక్కం - అరుంబాక్కం కాలువ, మాంబలం కాలువ లాంటివి వీధుల నీటిని తీసుకెళ్లి నదుల్లోనో పెద్ద కాలువల్లోనో కలుపుతాయి. దక్షిణ శివార్ల నీరు పళ్లికరణై చిత్తడి నేలలో చేరి, ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడి నుంచి కోవళం వైపు సముద్రంలోకి పోతుంది.

ఇక్కడ మాట ఒకటి గుర్తు పెట్టుకోవాలి. తెలుగులో ‘ఏరు’ అంటే పారే నీరు. తమిళంలో ‘ఏరి’ అంటే చెరువు. ‘ఏరి తెరిచారు’ అని వార్త వింటే చెరువు గేట్లు ఎత్తారని అర్థం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ తేడా తెలియక కంగారు పడటం మామూలే.

నీటికి ఇంకో అడ్డంకి సముద్రమే. పోటు సమయంలో సముద్రం పైకి లేస్తుంది, నది నీరు బయటికి పోలేక వెనక్కి తంతుంది. అడయార్, కూవం మొగల దగ్గర ఇసుక మేట వేస్తే దారి ఇంకా ఇరుకవుతుంది. అందుకే వానాకాలానికి ముందు మొగల్లో ఇసుక తవ్వి తీస్తారు. వాన తగ్గాక కూడా నీళ్లు చాలాసేపు కదలకపోవడానికి ఇదొక కారణం.

ఎవరి పని ఏది?

ఫిర్యాదు చేసినప్పుడు ‘అది మా పరిధి కాదు’ అన్న జవాబు మీరు వినే ఉంటారు. చాలాసార్లు అది తప్పించుకోవడం కాదు, నిజంగానే పనులు అలా పంచి ఉన్నాయి.

వీధి పక్క వాననీటి కాలువలు, రైలు కట్టల కింద సబ్‌వేలు, చిన్న కాలువల పూడిక, పడిపోయిన చెట్లు, వార్డుల్లో సహాయ కేంద్రాలు: ఇవన్నీ గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ పని. 200 వార్డులు దాని కింద ఉన్నాయి. రిప్పన్ బిల్డింగ్‌లోని కంట్రోల్ రూమ్ నుంచి వానాకాలం అంతా పర్యవేక్షిస్తారు.

నదులు, పెద్ద చెరువులు, జలాశయాల గేట్లు, బకింగ్‌హామ్ కాలువ: రాష్ట్ర జలవనరుల శాఖ పని.

ఇంటి మురుగు, మ్యాన్‌హోళ్లు, తాగునీరు: చెన్నై మెట్రో వాటర్ బోర్డు పని.

కొన్ని పెద్ద రోడ్లు, వాటి పక్క కాలువలు: రాష్ట్ర రహదారుల శాఖవి.

ఎక్కడ ఏ కట్టడం కట్టవచ్చో చెప్పే ప్లాను, పెద్ద భవనాల అనుమతి: సీఎండీఏ.

ముప్పు ముంచుకొచ్చినప్పుడు అందరినీ ఒక తాటి మీదికి తెచ్చే బాధ్యత జిల్లా కలెక్టరుది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ఆ అధికారం ఇచ్చింది. ఆ చట్టానికి 2025లో వచ్చిన సవరణ పెద్ద నగరాలకు విడిగా నగర విపత్తు నిర్వహణ సంస్థ పెట్టుకోవడానికి దారి చూపింది.

వాతావరణ హెచ్చరిక ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ వాతావరణ శాఖ. దాని ప్రాంతీయ కేంద్రం నుంగంబాక్కంలోనే ఉంది.

నగరం సరిహద్దు కూడా చూడాలి. తాంబరం, ఆవడి వేరే కార్పొరేషన్లు. నీటికి మాత్రం ఆ గీత తెలియదు. ఎగువన ఉన్న ఊళ్లో చెరువు తెగితే దిగువన ఉన్న వార్డు మునుగుతుంది. అందుకని నిపుణులు వార్డుల వారీగా కాకుండా నదీ పరీవాహకం వారీగా కాలువలు కట్టాలని చెబుతారు. ఇప్పుడు జరుగుతున్న పెద్ద పనులు ఆ పద్ధతిలోనివే. ఉత్తరాన కొసస్తలైయార్ పరీవాహకంలో ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో 588 కిలోమీటర్ల కొత్త వాననీటి కాలువలు తలపెట్టారు. దక్షిణాన కోవళం పరీవాహకంలో జర్మనీ అభివృద్ధి బ్యాంకు సాయంతో పనులు తీసుకున్నారు.

చెరువు గేట్లు: నింపాలా, ఖాళీ చేయాలా?

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఇదే. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం, తేర్వాయ్ కండిగై: ఈ జలాశయాలు కట్టింది, పెంచింది తాగునీటి కోసం. వానాకాలంలో నింపుకోకపోతే ఎండాకాలంలో కుళాయి రాదు. 2019 వేసవిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. చెరువులు అడుగంటాయి, వీధి వీధికీ లారీ నీళ్లే దిక్కయ్యాయి. మరి నిండుగా ఉంచితే? పెద్ద వాన వచ్చిన రోజు పట్టే చోటు ఉండదు. వచ్చిన నీటిని వచ్చినట్టే దిగువకు వదలాల్సి వస్తుంది.

2015లో జరిగింది అదే. నవంబరులో ఆగకుండా పడ్డ వానకు చెరువులన్నీ నిండి ఉన్నాయి. ఆ ఒక్క నెలలోనే నుంగంబాక్కంలో వెయ్యి మిల్లీమీటర్లు దాటింది. డిసెంబరు 1న చెంబరంబాక్కం నుంచి వదిలిన నీరు 29,000 క్యూసెక్కులకు చేరింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. రాత్రికి రాత్రే అడయార్ ఒడ్డున కోట్టూర్‌పురం, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట లాంటి చోట్ల నీరు ఇళ్లలోకి వచ్చింది. విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. తర్వాత 2018లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక దీన్ని మనుషుల వల్ల వచ్చిన విపత్తుగా పేర్కొంది. నీటి విడుదల తీరునూ, నది ఒడ్డుల ఆక్రమణలనూ తప్పుపట్టింది.

అయితే ఒక అపోహ కూడా పోవాలి. ఆ రోజు నగరంలో మునిగిన చోట్లన్నిటికీ చెంబరంబాక్కమే కారణం కాదు. అడయార్ నది ఆదనూరు చెరువు వైపు మొదలై ముడిచ్చూరు, వరదరాజపురం మీదుగా వస్తుంది. చెంబరంబాక్కం కలుజు నీరు దాంట్లో కలిసేది ఇంకా దిగువన, తిరునీర్మలై దగ్గర. కాబట్టి ముడిచ్చూరు వైపు వచ్చిన వరద ఎగువ చెరువుల పొంగు నీరే. మీరు ఉండే వీధికి నీరు ఏ దారిన వస్తుందో తెలుసుకోవడం ఇందుకే ముఖ్యం.

అప్పటి నుంచి జలవనరుల శాఖ గట్టి వాన సూచన ఉంటే ముందే కొంచెం కొంచెంగా నీరు వదులుతుంది. చెంబరంబాక్కం పూర్తి లోతు 24 అడుగులు. వానాకాలం మధ్యలో 21, 22 అడుగుల దగ్గరే ఆపి, మిగతా చోటు వరద కోసం ఖాళీ ఉంచడం ఇప్పుడు అలవాటైంది. గేట్లు ఎత్తే ముందు నది ఒడ్డు వాళ్లకు మైకులో చెబుతారు, ఫోన్లకు హెచ్చరిక పంపుతారు. ‘వంద క్యూసెక్కులు వదిలారు’ అని వింటే భయపడాల్సిన పని లేదు. ఆ సంఖ్య వేలల్లోకి వెళ్తోందా, గంట గంటకూ పెరుగుతోందా అన్నది చూడండి.

ఆంధ్రతో కూడా ఈ నీటికి సంబంధం ఉంది. కొసస్తలైయార్‌ను చిత్తూరు వైపు కుశస్థలి అంటారు. నగరి దగ్గరి కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీరు పళ్లిపట్టు మీదుగా పూండికి చేరుతుంది. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీరు కూడా పూండికే వస్తుంది. అందుకే వానాకాలంలో రెండు రాష్ట్రాల ఇంజనీర్ల మధ్య కబురు ఆగకూడదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను 3, 4 తేదీల్లో చెన్నైని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఒకే తుఫాను మనల్నీ, అక్కడి మన బంధువులనూ వరసగా తాకింది.

చెరువులు పోయిన చోట

టి.నగర్ వైపు వాన పడితే నీళ్లు ఎందుకు నిలుస్తాయి? ఒకప్పుడు అక్కడ మైలాపూర్ నుంచి నుంగంబాక్కం దాకా పొడుగాటి చెరువు ఉండేది. 1920లలో, పానగల్లు రాజా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఊరు పెరుగుతోందని ఆ చెరువు పక్కన పూడ్చి కొత్త పేట వేశారు. మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు పేరు మిగిలింది, చెరువు మిగల్లేదు. వళ్లువర్ కోట్టం ఉన్నది కూడా పాత నుంగంబాక్కం చెరువు నేలలోనే. నేల పల్లం అలాగే ఉంది కాబట్టి వాన నీరు పాత అలవాటు చొప్పున అక్కడికే వస్తుంది.

పళ్లికరణై కథా ఇదే. వేల హెక్టార్లలో ఉన్న చిత్తడి నేల చెత్త దిబ్బకూ, రోడ్లకూ, ఐటీ భవనాలకూ పోగా కుదించుకుపోయింది. మిగిలిన భాగానికి 2022లో రామ్‌సర్ గుర్తింపు దొరికింది. వానాకాలంలో ఆ నేల స్పాంజిలా నీరు పీల్చి, తర్వాత మెల్లగా వదులుతుంది. అది ఇరుకైన కొద్దీ వేళచ్చేరి, పెరుంగుడి వైపు వీధుల్లో నీరు పెరుగుతుంది.

2021 నవంబరు వానలకు టి.నగర్, మాంబలం మునిగాక, విశ్రాంత ఐఏఎస్ అధికారి వి. తిరుప్పుగళ్ నాయకత్వంలో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కాలువల పనులు చాలా వరకు ఆ తర్వాతే ఊపందుకున్నాయి. కాలువలతో పాటు నీరు నిలిచే చోటు కూడా పెంచాలన్న ఆలోచన ఇప్పుడు బలపడింది. పార్కుల్లో గుంటలు తవ్వి స్పాంజ్ పార్కులు చేస్తున్నారు. గిండీ రేస్ కోర్సు నేలలో 2024లో చెరువు గుంటలు తవ్వారు. వేళచ్చేరి వైపు పోయే నీటిని అవి కొంత ఆపుతాయి.

ఏడాది పొడుగునా ఏం చేస్తారు?

వేసవి నుంచి సెప్టెంబరు దాకా కాలువల్లో పూడిక తీస్తారు. గుర్రపు డెక్క తొలగిస్తారు. తెగిన కాలువలు కలుపుతారు. ఈ పని సగంలో ఆగితే వానాకాలంలో తవ్విన గోతులే ప్రమాదం. మీ వీధిలో అలాంటి గొయ్యి కంచె లేకుండా ఉంటే సెప్టెంబరులోనే ఫిర్యాదు చేయండి, నవంబరు దాకా ఆగకండి.

అక్టోబరులో మోటారు పంపులు పల్లపు చోట్ల దించుతారు. సబ్‌వేల దగ్గర మనుషుల్ని పెడతారు. ఎండిన కొమ్మలు కొట్టేస్తారు. పడవలు సిద్ధం చేస్తారు. 2015లోనూ, 2023లోనూ ఎందరినో కాపాడింది జాలరుల పడవలే.

హెచ్చరిక వచ్చాక కంట్రోల్ రూమ్‌లో రాత్రింబవళ్లు మనుషులుంటారు. అరక్కోణంలో ఉన్న జాతీయ విపత్తు స్పందన దళం అవసరమైతే కదులుతుంది. పల్లపు చోట్ల వాళ్లకు బడుల్లో, కల్యాణ మండపాల్లో చోటు చూపిస్తారు. అమ్మ ఉణవగాల నుంచి భోజనం పంపుతారు.

వాన వెలిశాక నీళ్లు తోడటం, చెత్త ఎత్తటం, బ్లీచింగ్ పొడి చల్లటం, జ్వరాల శిబిరాలు పెట్టటం ఉంటాయి. కార్పొరేషన్ పనిలో కనిపించకుండా పోయే భాగం ఇది. ఎక్కువమంది ప్రాణాలు నిలబెట్టేదీ ఇదే.

రంగులు ఏమి చెబుతాయి?

వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 6.45 సెంటీమీటర్ల నుంచి భారీ వర్షం. 11.56 నుంచి అతి భారీ వర్షం. 20.45 సెంటీమీటర్లు, ఆపైన అయితే అత్యంత భారీ వర్షం. పసుపు రంగు ‘గమనిస్తూ ఉండండి’ అంటుంది. నారింజ ‘సిద్ధం కండి’ అంటుంది. ఎరుపు ‘ఇప్పుడే పని మొదలెట్టండి’ అంటుంది. ఎర్ర హెచ్చరిక ఇచ్చిన రోజు వాన తేలిపోవచ్చు కూడా. ‘ఉత్త పుణ్యానికి సెలవు ఇచ్చారు’ అని విసుక్కోకండి. మేఘం ఏ గంటలో ఏ పేట మీద కురుస్తుందో ముందే చెప్పడం ఇంకా ఎవరి చేతిలోనూ లేదు. హెచ్చరిక పని, పొరపాటున వదిలేయడం కంటే జాగ్రత్తగా ఉండమనడం.

బడి సెలవు కలెక్టరు ప్రకటిస్తారు. చెన్నై, చెంగల్పట్టు, తిరువళ్లూరు, కాంచీపురం కలెక్టర్లు వేరు వేరుగా చెబుతారు. బడి ఉన్న జిల్లాకు సెలవు లేకపోయినా, మీరు ఉండే జిల్లాకు సెలవు ఉండి దారిలో నీళ్లుంటే పిల్లల్ని పంపవద్దు. వాట్సాప్‌లో తిరిగే పాత ప్రకటనలు నమ్మకండి, తేదీ చూడండి.

మన చేతిలో ఉన్నవి

1. నీళ్లు నిలిచిన వీధిలో మ్యాన్‌హోల్ మూత తెరవకండి. నీళ్లు త్వరగా పోతాయనుకుని చాలామంది చేసే పని ఇది. వాన నీరు మురుగు గొట్టంలోకి పోతే మురుగు ఎదురు తన్ని ఇంకో ఇంట్లో పైకొస్తుంది. మూత లేని గొయ్యి నీళ్ల కింద కనబడదు, నడిచే పిల్లవాడు అందులో పడతాడు.

2. ఇంటి మురుగు గొట్టాన్ని వాననీటి కాలువకు కలపకండి. కాలువ ఏడాదంతా మురుగుతో నిండి ఉంటే వానకు చోటుండదు.

3. రాష్ట్రంలో 2003 నుంచి ఇంటింటా వాననీటి సేకరణ తప్పనిసరి. మీ ఇంటి గుంట పూడిపోయిందేమో అక్టోబరులోపు చూసుకోండి. డాబా నీరు వీధికి పోకుండా నేలలోకి దిగితే వీధికీ మేలు, బావికీ మేలు.

4. నీరు గడప దాటేలా ఉంటే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. తడి చేత్తో, నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టకండి. వీధి దీపం స్తంభాలకూ, కరెంటు పెట్టెలకూ పిల్లల్ని దూరంగా ఉంచండి.

5. నీళ్లున్న సబ్‌వేలోకి బండి దించకండి. ఎంత లోతో పైనుంచి తెలియదు.

6. రేషన్ కార్డు, ఆధార్, మార్కుల పత్రాలు, మైనారిటీ ధ్రువపత్రం, పాసు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి అటక మీద పెట్టండి. 2015లో మార్కుల పత్రాలు తడిసి పోగొట్టుకున్న పిల్లలు నకళ్ల కోసం తిరగాల్సి వచ్చింది.

7. వరద నీటిలో చెప్పుల్లేకుండా నడవవద్దు. ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం అలాగే అంటుతుంది. కొన్నాళ్లు నీళ్లు కాచి తాగండి.

ఎవరికి ఫోన్ చేయాలి?

వీధిలో నీళ్లు, చెట్టు పడటం, కాలువ సమస్య: కార్పొరేషన్ 1913. మురుగు, తాగునీరు: మెట్రో వాటర్ 1916. కరెంటు: 94987 94987. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070. ప్రాణాపాయం అయితే 112. ఫిర్యాదు చేసినప్పుడు వార్డు నంబరు, వీధి పేరు, దగ్గర్లోని గుర్తు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. తమిళం తడబడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పిల్లలే ఈ పని చేసిపెట్టవచ్చు. మీ వార్డు నంబరు మీకు తెలుసా? తెలియకపోతే ఆస్తి పన్ను రసీదు చూడండి, ఈ నంబర్ల పక్కనే రాసి, కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.